పటాలంలో పోయిన కిర్రు చెప్పులు

ఆ రోజుల్లో పటాలంలో కొత్తగా చేరినవాడు తుపాకీ పట్టుకోవడం తర్వాత నేర్చుకునేవాడు, ముందు చెంబు పట్టుకోవడం నేర్చుకోవాలి. పట్టు కాస్త సడలిందా, చెంబు ఇంకొకడి చేతిలో ఉంటుంది. రాజమండ్రిలో పటాలం ఇళ్లుండే లైన్లలో పెళ్లాం బిడ్డలున్న సిపాయిలు ఎవరి గుడిసెలో వాళ్లుండేవారు. నాలాంటి ఒంటిగాళ్లందరినీ ఒక పొడుగాటి పెంకుటింట్లో మంచాల వరసలో పడేశారు. తలుపుకి గొళ్లెం లేదు, పెట్టెకి తాళం ఉన్నా లేనట్టే. కుంకుడుకాయలు, తలనూనె, తువ్వాలు, ఇంటి నుంచి వచ్చిన సున్నుండలు, అన్నీ కాళ్లొచ్చినట్టు నడిచి వెళ్లిపోయేవి. (సున్నుండలు పోయినవాడికి ఓదార్పుగా ఒకటి తెచ్చిపెట్టే మర్యాద మాత్రం ఉండేది. మా వరసలో అందరూ గోదావరి వాళ్లే మరి.)

ఇంత తెలిసీ నేను కిర్రు చెప్పులు కుట్టించుకున్నాను. ఎందుకంటే అప్పట్లో నా ప్రాణమంతా గోదావరికి అవతల, కొవ్వూరులో ఉంది. అక్కడ మా మేనమామ కూతురు, ఇరవై దాటిన మనిషి, వచ్చిన సంబంధాన్నల్లా తిప్పికొడుతూ కూర్చుంది. నాకేమో ఊహ తెలిసిన దగ్గర్నుంచీ ఆమే కావాలి. మావయ్యకి నేనంటే ఇష్టమే గాని, అత్తయ్యకి పటాలం పేరు చెబితే పడదు. "రేపు ఏ ఊరు పొమ్మంటే ఆ ఊరు పోయేవాడికి పిల్లనిచ్చి, ఆనక దాన్నెక్కడని వెతుక్కుంటామండీ?" అని అడ్డం పడేది. చివరికి మావయ్య కబురు పెట్టాడు: "ఆదివారం వచ్చి కనపడు. పిల్ల ఊఁ అంటే మీ అత్తని నేను చూసుకుంటాను. ఊహూఁ అంటే మాత్రం ఆ సంగతి మళ్లీ ఎత్తకు." బెదిరింపనుకోకండి, ఆయన ప్రేమ అలాగే ఉండేది. ఆ ఒక్క ఆదివారం మీద నా జీవితమంతా ఆధారపడిందన్నమాట. దానికి తగ్గ ఏర్పాటు ఉండొద్దూ!

ఈ కాలం పిల్లలకి కిర్రు చెప్పులంటే తెలియకపోవచ్చు. తోలు పొరల మధ్య ఏదో కిటుకు పెట్టి కుడితే, అడుగడుక్కీ కిర్రు కిర్రుమని అరుస్తాయి. అవి తొడుక్కున్న పెద్దమనిషి వీధి మొదట్లో ఉండగానే చివరింటివాళ్లు విస్తరి వేసెయ్యవచ్చు. పెద్దాపురంలో మా వీధి షావుకారు అలాంటివి వేసుకుని వెళుతుంటే ఆడా మగా గుమ్మాల్లోకి వచ్చి చూసేవారు. అదే నా మనసులో నాటుకుపోయింది. ధవళేశ్వరంలో చెప్పులు కుట్టే ముసలాయన దగ్గర చతికిలబడి, "ఇంకాస్త అరవాలండీ, ఇంకాస్త" అని బతిమాలి మరీ కుట్టించాను. ఆయన విసిగిపోయి, "ఇంతకంటే అరవాలంటే నువ్వే అరుచుకోవాలి బాబూ" అన్నాడు. తెచ్చిన దగ్గర్నుంచి మంచాల మధ్య నడక సాధన మొదలుపెట్టాను. కవాతుకి ముందు ఓ విడత, అన్నాలయ్యాక ఓ విడత. అల్లుడి నడక, బావ నడక, మధ్యలో మీసం మీద చెయ్యేసి కాస్త గంభీరంగా సిపాయి నడక. నా సొగసు చూసి పక్కవాళ్లు నోళ్లు తెరుస్తున్నారనుకున్నాను. తెరిచి వాళ్లేమంటున్నారో ఆ కిర్రులో నాకు వినపడలేదు.

శనివారం పొద్దున కవాతు ముగించుకొచ్చి తలగడ ఎత్తితే చెప్పులు లేవు. పక్క దులిపాను, మంచం తిరగేశాను, పెట్టె బోర్లించాను. మర్నాడే ప్రయాణం! నేరుగా హవల్దారు దగ్గరికి పరుగెత్తాను. ఆయన్ని మేం చాటుగా మీసాలాయన అనేవాళ్లం. "హవల్దారుగారండీ, నా చెప్పులు పోయాయండీ, వాటితోబాటు నా పెళ్లి కూడా పోతుందండీ" అని గొల్లుమన్నాను. "నా లైన్లో దొంగతనమా!" అని ఆయన లేచి గర్జించాడు. (లైన్లో నిత్యం దొంగతనమే. ఓసారి ఆయన తలపాగాయే పోయి, కుక్కపిల్ల కింద పక్కగా తేలింది.) ఆయన మీసం దువ్వుకుని ఒక ఉపాయం పన్నాడు. "దొంగవెధవ నోరు మూసుకోగలడు గాని, ఆ చెప్పుల నోరు మూయించలేడురా! అందరూ ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కుని మైదానంలో నడవండి!"

నడిచారు. నేను పక్కనే గొంతుక్కూచుని చెవి ఒగ్గి విన్నాను. టపటప, చప్చప్, ఎవడిదో తెగిన పట్టీ ఈడుపు. కిర్రు మాత్రం లేదు. హవల్దారుకి అనుమానం పెరిగి, దగ్గర్నుంచి వినాలని తనే వరస వెంట నడవసాగాడు. కిర్రు. కిర్రు. కిర్రు. వరసంతా ఆగిపోయింది. అందరి కళ్లూ ఆయన కాళ్ల మీదికి దిగాయి, అందరికంటే ముందు నా కళ్లు. నేను ఆపుకోలేక వంగి ఆయన మడమ పట్టుకుని చూశాను కూడా. "ఇవి నావిరా! మా మావగారు పెట్టినవి!" అని ఆయన అరిచిన అరుపుకి మైదానంలో పావురాలన్నీ లేచిపోయాయి. ఆ తర్వాత ఎండలో మైదానం చుట్టూ నన్నెంతసేపు పరుగెత్తించాడో చెప్పను. చెప్పులు లేని కాళ్లతో పరుగెడుతూ, పిల్ల కూడా పోయినట్టేనని లోలోపల ఏడ్చాను.

ఒగర్చుకుంటూ వచ్చి మంచం మీద పడితే, పక్క మంచం వాడు నా మొహం చూసి ఇక ఉండబట్టలేకపోయాడు. వాడు పడవల మీద చేపలు పట్టే ఇంటి కుర్రాడు, పొడుగ్గా సన్నగా ఉంటాడని తెడ్డు అని పిలిచేవాళ్లం. వాడు దీపాల ఆముదం కుండలో చెయ్యి పెట్టి, జిడ్డు కారుతున్న నా చెప్పులు రెండూ చేపల్లా పట్టీలు పట్టుకుని పైకి తీశాడు.

"ఏంట్రా ఇది?" అన్నాను ఏడుపు గొంతుతో.

"కోప్పడకురా పెద్దాపురం. తెల్లారి లేస్తే నీ కిర్రుతో మా చెవులు చిల్లులు పడిపోతున్నాయి. మా పడవలో తెడ్డు కిర్రుమంటే ఆముదమే రాస్తాం. రాస్తే చాల్లేదు, అందుకని నానబెట్టాం."

"పెట్టాం అంటే?"

మంచాల వరసంతా పైకప్పు పెంకులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

ఆదివారం వేరే దారిలేక వాటితోనే పడవెక్కాను. ఇసుకలో దిగితే పచక్, కొవ్వూరు వీధిలో నడిస్తే అదీ లేదు. ఒక్క గుమ్మంలోంచి ఒక్క తల బయటికి రాలేదు. దొంగలా నడిచి మావయ్య ఇంటి ముందుకి చేరేసరికి లోపల అత్తయ్య గొంతు వినపడింది.

"మొన్నొచ్చిన సంబంధానికేం తక్కువైందే? పొలం లేదా, పాడి లేదా?"

"తక్కువ కాదమ్మా, ఎక్కువైంది. ఆయన చెప్పులు వీధి మలుపు నుంచే కిర్రోమని ఏడ్చుకుంటూ వచ్చాయి. నవ్వాపుకోలేక చచ్చాను. బావ కూడా ఆ వేషంలోనే దిగబడ్డాడంటే ఊహూఁ అనేస్తాను, నాన్న ఏమనుకున్నా సరే."

చప్పున చెప్పులు విప్పి గుమ్మడిపాదు కిందికి తోసేసి, పెద్దమనిషిలా అరుగెక్కాను. అప్పుడే అలికిన అరుగు. మరదలు బయటికొచ్చి నన్ను చూడలేదు, నా వెనక వరసగా పడ్డ నూనె పాదాలను చూసింది.

"ఏంటి బావా, ఆముదంలో ఈదొచ్చావేంటి?"

అబద్ధం ఆడదామనుకున్నాను గాని ఒక్కటీ తట్టలేదు. చెప్పులు కుట్టించిన దగ్గర్నుంచి హవల్దారు మడమ దాకా గబగబా అంతా చెప్పేశాను. ఆమె ముందు పెదవి కొరుక్కుంది, తర్వాత స్తంభం పట్టుకుంది, తర్వాత అక్కడే కూలబడి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది. పశువుల పాకలోంచి మావయ్య వచ్చి, "ఏమ్మా, ఊఁ అనా, ఊహూఁ అనా?" అని అడిగాడు. నవ్వులో మాట రాక ఆమె తలూపింది, గట్టిగా, కిందికీ పైకీ.

ఇన్నేళ్లయినా మా ఆవిడ ఈ కథ మనవలకి చెప్పేటప్పుడు తలూపే దగ్గరికి వచ్చి ఆగి నా వైపు చూస్తుంది. నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది, సంతోషమూ వేస్తుంది. ఎండలో మైదానం చుట్టూ ఏడుస్తూ పరుగెడుతున్న ఆ కుర్రాణ్ణి ఆపి, "పోతే పోయాయిలేరా, నీ మంచికే" అని భుజం తట్టాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాదు లెండి. ఇంకో జత కుట్టించుకోవడానికి ధవళేశ్వరం పరుగెత్తేవాడు, వెర్రి నాగన్న.