దీర్ఘం ఎవరిది

దీర్ఘానికి బరువుంటుందా? చేత్తో అక్షరాలు పేర్చి అచ్చువేసిన రోజుల్లో ఉండేది. చిన్న సీసపు ముక్క. ఇన్నేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. దించుకోవడానికి మీరు దొరికారు. పేరు మాత్రం అడగకండి.

ముందు నా గొప్పలు వినాలి. అవి లేకుండా నా తప్పు అర్థం కాదు. ఎనభైలలో మన బెంగళూరులో ఇరుగుపొరుగు దేశాల అధినేతలు సమావేశమైనప్పుడు నేను లోపలే ఉన్నాను. ఒక విదేశాంగ మంత్రి నన్ను అగ్గిపెట్టె అడిగి, సిగరెట్టు వెలిగించుకుంటూ ఒక రహస్యం చెవిలో వేశాడు. ఈ కథ పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, మనవలకు చెప్పాను. చెప్పినప్పుడల్లా ఆ మంత్రి నాకు ఇంకాస్త దగ్గరగా జరిగేవాడు.

అబద్ధం. నాకు పాసే దొరకలేదు. దేశదేశాల విలేకరులకూ పెద్ద పత్రికలవాళ్ళకూ దొరికింది. మాది మధ్యాహ్నం అచ్చయి సాయంత్రం వీధిలోకి వచ్చే చిన్న తెలుగు పత్రిక. విధానసౌధ ఎదుట పోలీసులు కట్టిన తాడు ఇవతల నిలబడి, బయటికి వచ్చేవాళ్ళ ముఖాలు చూసి వార్తలు రాసేవాణ్ణి. నవ్వుతూ వస్తే చర్చలు ఫలప్రదం. ముఖం ముడుచుకుని వస్తే ప్రతిష్టంభన. లోపలున్న విలేకరులకు మాత్రం ఏం తెలుసు? అధికార ప్రతినిధి వచ్చి ‘సుహృద్భావ వాతావరణం’ అని చెప్పి పోయేవాడు. ఆ నీళ్ళనే అందరం మరగబెట్టేవాళ్ళం.

మా అచ్చుగదిలో అక్షరాలు పేర్చే మునివెంకటప్పది యలహంక. అతని తమ్ముడు సరుకుల ఓడలో వంటవాడు. ఓడ పొరుగుదేశపు నీళ్ళలోకి వచ్చిందని అక్కడివాళ్ళు అందరినీ పట్టుకెళ్ళి జైల్లో పెట్టారు. కొన్నాళ్ళకు ఉత్తరాలు కూడా ఆగిపోయాయి. ఈ సమావేశంలో ఖైదీల మాట వస్తుందని అతని ఆశ. నేను రాగానే చేతిలో పని ఆపి నా ముఖం చూసేవాడు, నేను తాడు దగ్గర మంత్రుల ముఖాలు చూసినట్టే.

ఆ రోజు అడిగేశాడు.

“ఏమప్పా, మా వాని సంగతి ఏమన్నా ఎత్తినారా లోపల?”

“ఎత్తేదేముంది, అయిపోయె! వదిలేస్తారంట. ఈ చెవులతో విన్నా.”

“నీ మాటల్లో సగం గాలి ఉంటాదప్పా. నిజం చెప్పు. మా అమ్మకు చెప్పేదా?”

“పోయి చెప్పు పో. మంత్రే నాతో అన్నాడు.”

నేను విన్నదేమిటి? తాడు దాటి వచ్చిన ఒక ఫొటోగ్రాఫరు ‘ఖైదీల గురించి ఏదో నడుస్తోంది’ అన్నాడు. అంతే. కూర్చుని రాశాను: ‘ఖైదీల విడుదలకు పొరుగుదేశం వారు అంగీకరించారు.’ ఎందుకు రాశాను? జాలితో అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. జాలి కాదు. పెద్ద పత్రికలకన్నా ముందుండాలని. ఆ ఒక్క మనిషి కళ్ళలోనైనా లోపలికి వెళ్ళొచ్చినవాడిలా కనిపించాలని.

మర్నాడు ఢిల్లీ నుంచి వచ్చిన అధికారి ఒకరు ఫోన్లో మా ఎడిటరును కడిగేశాడు. పొరుగువాళ్ళు ససేమిరా అంటున్నారట. ఎడిటరు పిలుస్తున్నాడని కబురొచ్చింది. ముందు అచ్చుగదికి వెళ్ళాను. అచ్చయిన రాతకాగితాలు అక్కడ మేకుకు గుచ్చి ఉంటాయి. నాది తీసి, పెన్సిలు చెక్కే బ్లేడుతో ‘చా’ దీర్ఘం గీకేశాను. అంగీకరించారు. అంగీకరించరు. ఒప్పుకున్నారనడానికీ, ఎప్పటికీ ఒప్పుకోరనడానికీ మన భాషలో గోరంత గీతే తేడా.

“నేను ‘అంగీకరించరు’ అనే రాశాను సార్. పేర్చిన మునివెంకటప్ప తమ్ముడు జైల్లో ఉన్నాడు కదా, పాపం,” అన్నాను. ఆ ‘పాపం’ కూడా నేనే అన్నాను. ప్రూఫు దిద్దింది నేనేనని కోపంలో ఎడిటరు మరిచిపోయాడు. నేను గుర్తుచెయ్యలేదు.

మునివెంకటప్పను పిలిచారు. పోట్లాడతాడనుకున్నాను. కాగితాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని చాలాసేపు చూశాడు. గీకిన చోటు వేలికి తగులుతుందేమోనని నా ప్రాణం పోయింది. మెల్లగా అన్నాడు:

“నా చెయ్యే పెట్టుంటాదిలే సార్. ‘చ’ కోసం పోయి పక్క గడిలో ‘చా’ తీసుంటాది. మనసంతా అదే ఉండాది కదా.”

ఆ రోజే పనిలోంచి తీసేశారు. సవరణ వేరేవాళ్ళు పేర్చారు: ‘అంగీకరించారు’ను ‘అంగీకరించరు’గా చదువుకోగలరు. అప్పటికే యలహంకలో వాళ్ళ అమ్మ చిన్నకొడుకు చొక్కాలు పెట్టెలోంచి తీసి, ఉతికి ఆరేసిందట. ఆ సవరణ ఆమెకు ఎవరు చదివి చెప్పారో తెలియదు. అతనే అయివుంటాడు.

రాసినదాన్ని మార్చేవాణ్ణి ఏ ప్రెస్సు పెట్టుకుంటుంది? బొమ్మనహళ్ళిలో బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలు మడిచే పనిలో చేరాడు. కొన్నేళ్ళకు బస్సులో కనిపించి, తనే లేచి నాకు చోటిచ్చాడు. “ఆ పొద్దు నీకు చెడ్డపేరు తెచ్చినా కదప్పా,” అన్నాడు.

“పోనీలే,” అన్నాను. క్షమించాను, నేను! కూర్చున్నాను కూడా.

ఇప్పుడతను లేడు. తమ్ముడు తిరిగొచ్చాడో లేదో నాకు తెలియదు. అడగడానికి ముఖమేది?

మంత్రి లేడు, అగ్గిపెట్టె లేదు. దీర్ఘం ఉంది. పెట్టింది నేను. గీకింది నేను. రాసి చూసుకుంటే కాస్త ఊపిరి ఆడుతోంది, అంతకుమించి ఏమీ లేదు. అచ్చువేసేవాళ్ళకు ఒక్క మనవి. ఇందులో ఏ అక్షరమూ దిద్దకండి.