సగం జూమ్ దగ్గర

కోపం వచ్చిన రోజు నేను డైరీ రాయను. చల్లారాక, మరునాడు పొద్దున కూర్చుని రాస్తాను. చదువుకునే రోజుల నుంచీ ఇదే పద్ధతి. ఈ సంగతి వేసవిలో జరిగింది. వానలు కూడా వచ్చాయి, కోపం చల్లారలేదు. ఇక ఆగడం అనవసరమని రాస్తున్నాను.

నా ఉద్యోగమంతా బెంగళూరులో, కెమెరాలకు జూమ్ లెన్సులు డిజైన్ చేయడం. అందులో గాజు బిళ్లలు గుంపులుగా ఉంటాయి. ఒక గుంపు ముందుకో వెనక్కో జరిగితే బొమ్మ పెద్దదో చిన్నదో అవుతుంది. దానివల్ల చెదిరిన ఫోకస్‌ను ఇంకో గుంపు జరిగి సరిచేస్తుంది. గొట్టం ఎంత పొడవైనా పరవాలేదంటే మంచి బొమ్మ తేవడం పెద్ద పని కాదు. గుప్పిట్లో పట్టాలి, బొమ్మ మాత్రం చెడకూడదు అన్నప్పుడే అసలు పని మొదలవుతుంది. గొట్టం పొట్టిదయ్యే కొద్దీ ఒక్కో గుంపు వెలుగును ఎక్కువగా వంచాలి. ఎక్కువ వంచిన చోట దోషమూ ఎక్కువే. ఒక దోషం తీస్తే ఇంకోటి తల ఎత్తుతుంది. అలా నెలల తరబడి కూర్చుని చేసిన లెన్సు నా చివరిది.

నేను రిటైరై మా ఊళ్లో గాంధీనగర్ ఇంటికి వచ్చేశాక దాన్ని ఇంకా పొట్టి చేశారు. రెండు గాజు బిళ్లలు తీసేసి ఒక ప్లాస్టిక్ బిళ్ల పెట్టారు. ప్లాస్టిక్ పెట్టడం తప్పు కాదు. కాకపోతే అది వేడికి గాజుకన్నా ఎక్కువ మారుతుంది, ఫోకస్ జరుగుతుంది. ఎంత జరుగుతుందో కొలిచి ఆ లెక్క కెమెరాలో పెడితే అదే దిద్దుకుంటుంది. జూమ్‌ను కొంచెం కొంచెంగా తిప్పుతూ, ప్రతి చోటా ఆగి కొలవాలి. విసుగు పుట్టించే పని. వాళ్లు రెండు చివర్లా కొలిచి, నడుమ స్కేలు పెట్టి గీత గీసినట్టు లెక్క కట్టేశారు. అసలు ఫోకస్ జరిగే దారి గీతలా ఉండదు, విల్లులా వంగి ఉంటుంది. ఈ పని నా దగ్గర నేర్చుకున్న శిష్యుడే చేశాడు. ఇప్పుడు ఆ విభాగానికి పెద్ద.

ఇదంతా నాకు తెలిసింది నా భార్య తమ్ముడి వల్ల. అతను ఊరి బయట ఒక ఫౌండ్రీలో క్రేన్ నడుపుతాడు. కరిగిన ఉక్కు నిండిన బానను రెండు పక్కలా రెండు కొక్కేలు పట్టి ఎత్తుతాయి. అవి సరిగా తగులుకున్నాయని క్యాబిన్‌లో తెర మీద చూసుకున్నాకే ఎత్తాలి. ఒక మధ్యాహ్నం ఒక కొక్కెం సగమే పడింది, బాన ఒరిగింది. వెంటనే దించాడు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఏమరపాటుగా ఉన్నావు, ఉద్యోగం నుంచి ఎందుకు తీసేయకూడదో చెప్పమని నోటీసు ఇచ్చారు.

“కండ్లు కనపడవా అని అడుగుతాండారు బావా. సుమ్నే, ఉత్త పుణ్యానికి నా మీద వేసినారు. మధ్యాహ్నమైతే తెర మీద కొక్కెం మసకగా ఉంటాది. పొద్దున బాగుంటాది.”

“చెప్పలేదా?”

“చెప్తే కెమెరా అద్దం తుడువు అన్నారు. తుడిచి తుడిచి అద్దం అరగాల ఇంక.”

“జూమ్ యాడ పెడతావప్పా?”

“సగానికి. ఆడ పెడితేనే రెండు కొక్కేలూ కనపడేది. తగ్గిస్తే మరీ చిన్నగా అయితాయి, పెంచితే ఒకటే పడతాది.”

ఫోన్‌లో కెమెరా ఫోటో చూపించాడు. మా లెన్సే. అలాంటి కెమెరాయే ఒకటి నా షోకేసులో ఉంది, ఆ పొట్టి లెన్సు అమ్మకానికి వచ్చినప్పుడు నన్ను పిలిచి శాలువాతో పాటు ఇచ్చారు. దాన్ని మిద్దె మీదికి తీసుకుపోయి, నీళ్ల ట్యాంకు గోడకు వార్తాపత్రిక అంటించి, ల్యాప్‌టాప్ తెరకు తగిలించి, ఎండలో పెట్టాను.

“మిరపకాయలు ఎండబెట్టే తాన కెమెరాలు ఎండబెడతాండారా?” అంది నా భార్య.

పొద్దున ఏ జూమ్ దగ్గర చూసినా అక్షరాలు చక్కగా ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం రెండు చివర్లా బాగున్నాయి. నడుమ అలికినట్టు ఉన్నాయి.

బెంగళూరుకు ఫోన్ చేసి ఆ శిష్యుణ్ణి పిలిపించాను. ఫౌండ్రీలో కెమెరాల సర్వీసు పని కూడా పెట్టుకుని, మోసంబీల సంచితో వచ్చాడు. సంచి కింద పెట్టించి నేరుగా మిద్దె ఎక్కించాను. బావమరిది కూడా వచ్చి నిలబడ్డాడు.

తెరలో చూసి, చెమట తుడుచుకుని, “నోడి సార్, మీరే చూడండి, స్పెసిఫికేషన్‌లో రెండు చివర్లే ఉన్నాయి. రెండూ పాస్” అన్నాడు.

“వాడేవాడు రెండు చివర్లా కాపురం ఉంటాడా?”

“కరెక్షన్ పంపిస్తాం సార్. కొన్ని నెలలు పడుతుంది.”

“అంతలోపల ఇతని ఉద్యోగం పోతుంది. తప్పు లెన్సుదని రాసివ్వు.”

“అట్లా రాస్తే అన్ని చోట్ల నుంచీ సరుకు వాపసు వస్తుంది సార్. దాని మీద మీ పేరు కూడా ఉంది కదా.”

నా పేరు కాపాడడానికే ఆగుతున్నట్టు మాట్లాడాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎవరినీ కొట్టాలని నాకు అనిపించలేదు. ఆ రోజు అనిపించింది.

కింద నుంచి నా భార్య, “భోజనానికి రమ్మనండి” అని కేకేసింది.

“రాసినాక తింటాడు” అన్నాను. మా ఇంట్లో గడప తొక్కినవాడితో అలాంటి మాట ఎవరూ అనలేదు. బావమరిది తల దించుకున్నాడు.

శిష్యుడు ఆ ఎండలోనే నిలబడి ఫోన్‌లో ఫౌండ్రీవాళ్లకు రాశాడు. వేడి ఎక్కువున్నప్పుడు సగం జూమ్ దగ్గర స్పష్టత తగ్గవచ్చు, కరెక్షన్ వచ్చేదాకా ఆ జూమ్ వాడవద్దు అని. తప్పు అన్న మాట ఎక్కడా లేదు. ‘ఇంతకు ముందు కూడా ఇలాగే ఉండేది’ అని ఒక వాక్యం పక్కన నిలబడి చేర్పించాను. అన్నం తినకుండానే వెళ్లిపోయాడు. నేను ఆపలేదు.

బాన ఒరిగిన రోజూ తెర మసకే అని ఆ వాక్యం వల్ల ఒప్పుకున్నారు, బావమరిది ఉద్యోగం నిలిచింది. కరెక్షన్ మాత్రం ఇంతవరకూ రాలేదు. మొన్న బావమరిది వస్తే, ఇప్పుడెలా ఎత్తుతున్నావని అడిగాను.

“సగం జూమ్ పెట్టొద్దని క్యాబిన్‌లో కాగితం అంటించినారు బావా. చివరిదాకా పెట్టి ఒక కొక్కెం చూస్తాండా. రెండోది తెరలోకి రాదు. పడిందనుకొని ఎత్తేది.”