ఎదురింటి వైపు తాడు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డులో, ఊరు అయిపోయిందని బస్సులో వాళ్లు అనుకునే చోట మా వీధి ఉంది. ఇంటి పన్ను మున్సిపాలిటీకే కడతాం. వీధిలైటు వెలగడం లేదని చెబితే మాత్రం, "మీది ఊరి బయట కదా" అంటారు. సిమెంటు రోడ్డు వేశారు. పొద్దున దాని మీద స్కూలు బస్సు వస్తుంది, సాయంత్రం గొర్రెల మంద వస్తుంది. రెండింటికీ మేమే పక్కకు తప్పుకోవాలి.

మీది పల్లెనా, టౌనా అని చుట్టాలు అడిగితే నేను రసూల్ సాబ్‌ను చూపిస్తాను. ఈ విషయంలో ఆయనకు సొంత సిద్ధాంతం ఉంది. అడగకపోయినా చెబుతాడు.

రసూల్ సాబ్‌ది షామియానాల పని. మా పక్కిల్లే. ఇంటి వెనక రేకుల షెడ్డులో గుడ్డలు, ఇనుప గొట్టాలు, తాళ్లు, వంటపాత్రలు, కూర్చుంటే ఊగే కుర్చీలు ఉంటాయి. పత్తికొండ నుంచి కౌతాళం దాకా ఎవరింట్లో పెళ్లయినా, చావైనా ఆయన ట్రాలీ ఆటో పోవలసిందే. ఊరు ఎలాంటిదో తెలియాలంటే జనాభా లెక్కలు చూడనక్కర్లేదని, తాడు ఎక్కడ కట్టారో చూస్తే చాలని ఆయన అంటాడు.

"కౌతాళం దిక్కు పల్లెల్లో అడిగేదేం లేదన్నా. మేకు యాడ దిగితే ఆడ కొట్టడమే. నేల మరీ గట్టిగుంటే ఎవురిదో ఎద్దును ఇప్పి, దాని గూటానికే కడతా. ఎద్దు గూడ ఏమనదు. ఎమ్మిగనూరులో మగ్గాలోళ్ల వీధుల్లో సిమెంటు రోడ్డు. మేకు దిగదు. కిటికీ చువ్వకు కట్టల్ల. కట్టుకోప్పా, మా మగ్గం అదరకుండా సూసుకో అంటారు. అది పల్లె గాదు, టౌనూ గాదు. నడిమధ్యన."

"ఆదోని బజార్లోనో?"

"ఆడ తాడుతో పనేముంది? ఫంక్షన్ హాల్లు కట్నారు గదా. నా మాదిరోడు గేటు కాడ నిలబడి సూసి రావల్ల."

మరి హైదరాబాదు సంగతేమిటని రెచ్చగొడితే, "ఆడ ఆకాశానికి కట్టుకోవల్ల" అన్నాడు.

మా వీధిని ఆయన ఏ కోవలో వేశాడో మా కిటికీ చూస్తే తెలుస్తుంది. తాడు ఒరుసుకుని ఒరుసుకుని చువ్వకు రంగు పోయింది. మా ఆవిడ ఉగాదికి రంగు వేయిస్తుంది, ఆ వెంటనే ఎవరిదో పెళ్లి వస్తుంది. నేను విసుక్కుంటే, "రేపు మనింట్లో శుభకార్యం రాదా" అని నన్నే తిడుతుంది.

అంతా బాగానే ఉండగా, రసూల్ సాబ్ ఇంటికి సరిగ్గా ఎదురుగా మంజునాథ్ మేడ కట్టాడు. కౌతాళం మనిషి, ఆదోనిలో పురుగుమందుల దుకాణం. గోడ నిండా నిగనిగలాడే టైల్సు, మెట్లకు స్టీలు రెయిలింగు. దానికి ఎవరి తాడూ తగలకూడదని వచ్చిన కొత్తలోనే చెప్పేశాడు. నేను పొగరనుకున్నాను. మొహం మీదే అన్నాను కూడా. అప్పుడు కారణం చెప్పాడు.

"మా ఊర్లో మా ఇంటి ముందర ఒగ స్తంభం ఉండేదన్నా. ఊరంతా దానికే కట్టేటోళ్లు. ఎనుములు, మేకలు, అన్నీ. ఒగసారి ఒగామె తాగి పడిపోయిన మొగుణ్ణి తెచ్చి కట్టేసి పోయింది. పొద్దున్నే నేను తలుపు తీస్తే వాడు నాకు నమస్కారం పెట్టినాడు. ఒగ గోడన్నా నాది అనుకునేదానికే టౌనుకు వచ్చినా."

అతని మాటలోనూ న్యాయం ఉంది. రెండు వైపులా న్యాయం ఉన్న వీధిలో కాపురం చేయడం చాలా కష్టం.

ఇంతలో రసూల్ సాబ్ కూతురు ముంతాజ్‌కు ఎమ్మిగనూరు సంబంధం కుదిరింది. పెళ్లి ఫంక్షన్ హాల్లో పెట్టాలని ముంతాజూ, తల్లి జహీరా బీ ఒకటయ్యారు. వాళ్లింట్లో ఉర్దూలో మొదలైన వాదన, మేమూ కల్పించుకోవడానికి వీలుగా, వీధిలోకి వచ్చేసరికి తెలుగులోకి మారింది.

"హాల్లో ఏసీ ఉంటాది. ఈ ఎండలో షామియానా కింద నా మొహం ఏమైపోవల్ల?" అంది ముంతాజ్.

"ఊర్లో బిడ్డలందరికీ నీడేసినోన్ని. నా బిడ్డకు ఇంగొకని కప్పు కింద నిఖా సేయల్లనా?" అన్నాడు రసూల్ సాబ్.

"సరే అబ్బాజాన్," అని ముంతాజ్ లోపలికి పోయింది. ఆయనకు ఉన్న కోరికల్లా అదొక్కటే. తన గుమ్మం ముందు, తన గుడ్డ కింద కూతురి పెళ్లి జరగాలి.

అయితే ఆ గుడ్డ నిలబడాలి. ఒక పక్క ఆయన ఇల్లే, ఒక పక్క మా కిటికీ, ఒక మూల కరెంటు స్తంభం. మిగిలింది ఎదురిల్లు. రసూల్ సాబ్ ఉతికిన చొక్కా తొడుక్కుని మంజునాథ్‌ను అడగడానికి పోయాడు.

"వద్దన్నా, టైల్సు పగులుతాయి. ఇంగేమన్నా సాయం అడుగు, సేస్తా," అన్నాడు మంజునాథ్.

"సరేప్పా," అని వచ్చేశాడు. మళ్లీ అడగలేదు. ఇన్నాళ్లూ ఊరూరా అడిగి కట్టినవాడికి, సొంత పనికి వచ్చేసరికి బతిమాలడం రాలేదు. "ఆ పక్క ఇసక బస్తాలు పెడతా, సాలు," అన్నాడు నాతో. చాలవని ఆయన మొహమే చెబుతోంది. నాకు మంజునాథ్ మీద ఒళ్లు మండింది.

పెళ్లి రోజు పొద్దున ఆకు కదలలేదు. ఖాజీ గారు వచ్చి కూర్చున్నారో లేదో గాలి లేచింది, మే నెలలో మా వైపు లేచే ఎర్రదుమ్ము గాలి. ఎదురింటి వైపు బస్తాలు ఈడ్చుకుపోయాయి. షామియానా ఒక పక్క పైకి లేచి, ఆడవాళ్లు కూర్చున్న వైపు గొట్టాలు ఒరిగాయి. రసూల్ సాబ్ ఉన్నచోటే నిలబడిపోయాడు.

ముందు వరసలో కొత్త చొక్కాతో కూర్చున్న మంజునాథ్ లేచాడు. ఎగురుతున్న తాడు దొరకబుచ్చుకుని, ముంజేతికి చుట్టుకుని, వీపు తన టైల్సుకు ఆనించి నిలబడ్డాడు.

"ఆ రెయిలింగుకు కట్టెయ్యప్పా," అన్నారు ఎవరో.

"కట్టను. పట్టుకుంటా," అన్నాడు.

నిఖా అయ్యేదాకా అలాగే పట్టుకున్నాడు. పెళ్లికొడుకు సమ్మతమని ఖబూల్ చెప్పాక అందరూ చేతులెత్తి దువా చేశారు, మంజునాథ్ తప్ప. తర్వాత కాసేపు నేను పట్టుకున్నాను. అరచేయి కమిలిపోయింది. మళ్లీ అతనే తీసుకున్నాడు. భోజనాలు మొదలయ్యాక రసూల్ సాబ్ డబుల్ కా మీఠా తెచ్చి, అతనికి రెండు చేతులూ ఖాళీ లేవని తనే నోట్లో పెట్టాడు. "నీకు కూరగాయల అన్నం వేరే సేయించినా. పోయి తినుప్పా," అని తాడు అందుకున్నాడు.

అతను రెండు ముద్దలు తిన్నాడో లేదో మగపెళ్లివాళ్లు బయలుదేరదామన్నారు. దుమ్ము ఎక్కువైతే దారి కనబడదని వాళ్ల తొందర. ముంతాజ్‌ను పట్టుకుని జహీరా బీ బయటికి వచ్చింది. పిల్ల ఒక్కొక్కరినీ పట్టుకుని ఏడుస్తూ, చివరికి తండ్రి దగ్గరికి వచ్చింది. ఆయన చేతుల్లో తాడు ఉంది. వదిలితే తినేవాళ్ల మీద గొట్టాలు పడతాయి. పట్టుకుంటే బిడ్డను పట్టుకోలేడు. కళ్లనీళ్లు గడ్డంలోకి కారుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేదు. అవతలి కొసన మజ్జిగ పోస్తున్న నాకు దుఃఖం ఆగలేదు. జగ్గు కింద పెట్టి పరుగెత్తాను.

నాకంటే ముందు మంజునాథ్ పోయాడు. ఎంగిలి చేత్తోనే తాడు లాక్కున్నాడు. ఈసారి ముంజేతికి చుట్టుకోలేదు. మెట్ల దగ్గరికి లాక్కుపోయి, స్టీలు రెయిలింగుకు తిప్పి తిప్పి కట్టేశాడు.

"పో అన్నా. బిడ్డను సాగనంపి రా."

రసూల్ సాబ్ ఏడుస్తూనే ఆ ముడి వంక చూశాడు. "అది నిల్సదప్పా," అన్నాడు.

"నిల్సకుంటే నేనుండాను గదా. పో."

ఆయన కూతురి వైపు తిరిగాడు. ఖాళీ అయిన చేతులతో ఏం చేయాలో తోచక వాటిని గాల్లోనే ఉంచాడు. ముంతాజ్ ఆ రెండు చేతులూ పట్టుకుని తన తల మీద పెట్టుకుంది.