ఉమెకిచి తాత తీరికైన చావు

ఉమెకిచి తాతకి చావడం వచ్చుగానీ తొందరగా చావడం రాదు.

సినిమాల్లో కత్తివేటుకి పడిపోయే వేషాలే ఆయన బతుకుతెరువు. హీరో కత్తి ఒరలో పెట్టుకుని, ఇంటికెళ్లి భోంచేసి పడుకున్నా, ఈయన మాత్రం ఇంకా గోడ పట్టుకుని తూలుతూనే ఉంటాడు. డైరెక్టర్లు నెత్తీ నోరూ బాదుకునేవారు.

క్యోటోలో, ఉజుమాసా స్టూడియోల పక్కనే తోయో పిన్ని నడిపే ఊరుమ్మడి స్నానశాల. తాత రోజూ ఒంటినిండా రంగు నెత్తురుతో అక్కడికే దిగేవాడు.

"తాతా, ఇవాళ ఎన్నిసార్లు పోయావు?"

"మూడమ్మా. మూడోది బాగా కుదిరింది."

"శుభ్రంగా కడుక్కుని తొట్టిలో దిగు. నిన్న నీళ్లన్నీ దానిమ్మరసం చేశావు!"

అప్పట్లో వియత్నాం యుద్ధం వద్దంటూ కాలేజీ పిల్లలు వీధి నాటకాలాడేవారు. వాళ్లలో మిత్సుయే అనే పిల్ల నాటకాన్ని సినిమా తీసి ఊరూరా చూపించాలనుకుంది. మొదటి రీలు పోలీసులు పట్టుకుపోయారు. మిగిలింది ఒక్క ఖాళీ రీలే. సిపాయి వేషానికి తాతని అడిగింది.

"బాంబు పడగానే పోవాలి తాతా. ఒక్క క్షణం."

"ఒక్క క్షణమా? చావుకో మర్యాద ఉండొద్దూ?"

స్నానశాలలోనే రిహార్సల్. తాత గిరగిరా తిరిగాడు, బట్టల బుట్టలన్నీ పడేశాడు, పోయినట్టే పోయి మళ్లీ లేచాడు.

"యుద్ధంలో ఇంతసేపు బతకొచ్చంటే జనం సైన్యంలో పేర్లు రాయించుకుంటారు తాతా!" అని మిత్సుయే తల పట్టుకుంది.

శనివారం రైలు స్టేషన్ ముందు నాటకం. ఏం జరుగుతుందో చూడకపోతే పిన్నికి అన్నం సయించదు. స్నానానికెళ్లే దానిలా తువ్వాలు, చెంబు వేసిన చిన్న చెక్కతొట్టె చంకన పెట్టుకుని ముందు వరసలో నిలబడింది. మిత్సుయే కెమెరా తిప్పుతోంది. ఇంతలో పోలీసులొచ్చారు.

"ఆ కెమెరా ఇలా ఇవ్వు!" అంటూ ఇన్స్పెక్టరు ముందుకొచ్చాడు.

అప్పుడే నాటకంలో బాంబు పడింది. తాత వెళ్లి సరిగ్గా ఆయన చేతుల్లోనే వాలాడు.

"వదలండి పెద్దాయనా!"

"ఇంకా పోలేదు నాయనా... ఉండు."

"తల పట్టుకోవయ్యా, పాపం!" అని జనం కసిరారు. ఇన్స్పెక్టరు చచ్చినట్టు చతికిలబడి తాత తల ఒళ్లో పెట్టుకున్నాడు. మిగతా పోలీసులు టోపీలు తీశారు. తాత వణికాడు, మూలిగాడు, అమ్మని పిలిచాడు, దాహమన్నాడు.

ఈలోగా కెమెరా పిన్ని తొట్టెలో తువ్వాలు కిందికి చేరింది. స్నానానికెళ్లే ఆడమనిషిని ఎవరాపుతారు? మిత్సుయే చెయ్యి పట్టుకుని సందు మలుపు దాకా నడిచి, పిన్ని వెనక్కి చూసింది. తాత ఒంటికన్ను తెరిచి ఇటే చూస్తున్నాడు. వీళ్లు మలుపు తిరగడం చూసి, ఠక్కున చచ్చిపోయాడు.

సోమవారం స్నానశాల గోడమీద బొమ్మ ఆడింది. జనం తొట్టి గట్టుమీద కూడా కూర్చున్నారు. తాత ఒక్కడే మూతి ముడుచుకున్నాడు.

"జన్మకో మంచి చావు చచ్చాను. అది కాస్తా రీలుకెక్కలేదు!"

"వచ్చే శనివారం మళ్లీ చద్దువుగానిలే తాతా," అంది పిన్ని, ఆయన వీపుకి వేన్నీళ్లు పోస్తూ. "నీకేం తొందర!"