పడుకోని గుర్రం

పందొమ్మిది వందల యాభైల్లో ఒక మధ్యాహ్నం ఏలూరు స్టేషన్ బయట జట్కా ఎక్కబోయాను. గుర్రం వెనక కాలొకటి కాస్త ఎత్తి, నిలబడే కునుకు తీస్తోంది.

"కాలు నొప్పా?" అని బండివాణ్ణి అడిగాను.

"వెనక కాలైతే భయం లేదండి, ముందు కాలెత్తితేనే చూసుకోవాలి. దీని బాధ వేరండి. పాకలో దీని జోడు గుర్రం చచ్చిపోయి నాలుగు రోజులు. ఒకటి పడుకుంటే రెండోది కాపలాగా నిలబడేదండి. కాపలా లేదని అప్పట్నుంచి ఇది పడుకోలేదు. రోజుకో అరగంటైనా వాలకపోతే కూలిపోద్దండి."

గుర్రాన్ని బండి నుంచి విప్పి, వచ్చిన బేరాలు వదులుకుని, దాని పక్కనే నిలబడ్డాడు. చాలాసేపటికి అది మోకాళ్లు మడిచి పక్కకి ఒరిగింది. నేను గడియారం చూశాను. పదమూడు నిమిషాలు పడుకుంది. అంతసేపూ అతను కదల్లేదు.

గుర్రం లేచింది. "ఇప్పుడెక్కండి, ఎక్కడికండి?" అన్నాడు.

మూడు మైళ్ల అవతల వట్లూరని చెప్పలేకపోయాను. నడిచే వెళ్లాను.