లావణ్య గ్లాసు

శాలిబండలో స్టీలు గిన్నె కొన్నవాళ్లు పేరు కొట్టించకుండా ఇంటికి పోరు. దావత్‌లో పదిళ్ల గిన్నెలు కలిసిపోతే ఎవరిది ఎవరిదో తేలక లొల్లి. ఆ పేర్లు కొట్టేది కృష్ణయ్య. దుకాణం మెట్ల మీద కూచుని, గర్రుమనే చిన్న మిషన్ పట్టుకుని, ముప్పై ఏళ్లుగా బస్తీ పేర్లన్నీ చుక్కలు చుక్కలుగా స్టీలు మీదికి ఎక్కించాడు. మిషన్ ఆపినా ఆ అదురు ఇప్పుడు వేళ్లలోనే ఉండిపోయింది.

ఆయన ఇంట్లో పేరున్న గ్లాసు ఒక్కటే. బిడ్డ లావణ్య పుట్టిన వారానికి కొట్టింది. భార్య ముందే పోయింది. ఆ పిల్ల డిగ్రీ రెండో ఏడు చదువుతూ డెంగ్యూతో పోయింది. కాలమే గాయం మాన్పుతుందని ఓదార్చినవాళ్లు నెల తిరగకముందే రావడం మానేశారు. గ్లాసు మిగిలింది. అప్పటినుంచీ దాంతోనే నీళ్లు తాగుతాడు.

ఓ సాయంత్రం పక్కింటి మున్నీ, ఐదో తరగతి పిల్ల, మూతి ముడుచుకుని వచ్చింది.

"బళ్లె ఫ్యాన్సీ డ్రెస్ తాతా. సాదాగ బతికిన గొప్పోళ్ల వేషం ఎయ్యాల్నంట. గాంధీతాతను ముందుగాలనే నలుగురు పట్టుకున్నరు."

"పోనీ తియ్యి, నీకు గుండు కొట్టిచ్చే ఖర్చు తప్పింది."

"నవ్వకు తాతా! నాకెవ్వరు దొరుకుతరు ఇగ?"

కృష్ణయ్యకు ఒకడు గుర్తొచ్చాడు. కాలేజీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా, పడీ పడీ నవ్వుతూ లావణ్య చెప్పిన మనిషి.

"ఎన్నడో గ్రీకు దేశంల డయోజెనీస్ అని ఒకాయన ఉండెనట. పెద్ద మట్టి గోలెంల పండేటోడు. ఇల్లు లేదు, కిరాయి ఫికర్ లేదు. రాజొచ్చి ఏం గావాల్నో అడుగు అంటె, ఎండకు అడ్డం నిలబడ్డవ్, జర జరుగు అన్నడట."

"రాజునా? కొట్టలేదా?"

"కొట్టలే. ఆయనకున్నది ఒక్కటే గ్లాసు. ఒకనాడు పోరగాడెవడో దోసిట్ల నీళ్లు తాగుతుంటె చూసి, అరే, వీడు నాకంటె హుషారున్నడే అని దాన్ని ఇసిరి పారేసిండు."

"ఎవరు చెప్పిండ్రు తాతా గిది?"

"లావణ్యక్క."

బిడ్డ పోయిన ఈ మూడేళ్లలో ఆ పేరు ఆయన నోటితో ఇంకొకరికి చెప్పడం అదే మొదలు.

ఆ వారమంతా వాకిట్లో గోలెం బదులు నీలం డ్రమ్ము పడేసి, మున్నీని అందులోంచి పాకించి, చేతిలో ప్లాస్టిక్ గ్లాసు పెట్టి నేర్పాడు. "ఊకె చెయ్యి ఊపుడు గాదు. నిజంగనే ఇసరాలె. అట్లయితెనే నమ్ముతరు." మున్నీ విసిరినప్పుడల్లా గట్టిగా నవ్వేవాడు. ఆ నవ్వు తనది కాదు, లావణ్యదని ఆయనకు తెలుసు.

ఫ్యాన్సీ డ్రెస్ రోజు కృష్ణయ్య పనిలో ఉన్నాడు. ఇంటి తాళం ఎప్పుడూ మున్నీ వాళ్లింట్లోనే. సాయంత్రం వచ్చి నీళ్లకోసం చెయ్యి చాపితే గూట్లో గ్లాసు లేదు. వెనకే మున్నీ ఉరికొచ్చింది.

"ఫస్ట్ ప్రైజ్ తాతా! ప్లాస్టిక్‌ది పలిగింది. అక్క చెప్పిన కథ గదా అని అక్క గ్లాసే తీస్కపోయిన. నువ్వు చెప్పినట్లనే గట్టిగ ఇసిరిన. గోడ దాటి నాలాల పడ్డది. టీచర్లు గూడ లేచి చప్పట్లు కొట్టిండ్రు!"

కృష్ణయ్య చెప్పుల్లేకుండానే వెళ్లాడు. బడి వెనక నాలాలో నల్లనీళ్లు కవర్లనీ థర్మాకోల్‌నీ తోసుకుంటూ పోతున్నాయి. కట్టెతో అందినంత మేర కెలికాడు. సోడా డబ్బా ఒకటి మెరిసింది, అంతే. గ్లాసు పారేస్తే బతుకు తేలికవుతుందనడానికి ఆ గ్రీకాయనకేం పోయింది? ఆయన గ్లాసు మీద ఎవరి పేరూ లేదు.

తిరిగొచ్చేసరికి మున్నీ గడపలో కూచుని ఉంది. ప్రైజు వీపు వెనక దాచుకుంది.

"తప్పు చేసిన్నా తాతా?"

"లేదు బిడ్డా. నేనే గద ఇసరమన్నది."

గొంతు ఎండిపోయింది. వేరే గ్లాసులున్నాయి. వాటి వంక చూడలేదు. నల్లా తిప్పి దోసిలి పట్టాడు. వణికే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారిపోయాయి. మళ్లీ పట్టాడు.

"వేళ్లు దగ్గరికి పట్టాలె తాతా, గిట్ల." మున్నీ తన రెండు చేతులూ ఆయన చేతుల చుట్టూ వేసి గట్టిగా నొక్కింది.

ఆ అదురు పిల్ల చేతుల్లోకీ పాకింది. నీళ్లు నోటిదాకా రాలేదు.