ఎడమ పక్క పలచన

మా అన్నయ్యకి పుట్టుకతో వచ్చిన ఆస్తి ఒక్కటే, అనుమానం. పాలు తెస్తే వాసన చూస్తాడు. కొట్లో తూకం వేస్తుంటే ముల్లు చూడడు, వేసేవాడి వేళ్లు చూస్తాడు. తాళం వేశాక నాలుగుసార్లు లాగి, వీధి మలుపు దాకా వెళ్లి, ఐదోసారి లాగడానికి వెనక్కొస్తాడు. వదిన ఇవన్నీ నవ్వుతూ భరిస్తుంది. నాకంత ఓపిక లేదు.

మేమిద్దరం ఒకే మోటార్ల షెడ్డులో పనిచేస్తాం. నేను రాగితీగతో కాయిల్ చుడతాను. బిగింపు పూర్తయిన మోటారు చివరికి అన్నయ్య బల్ల మీదికి వస్తుంది. తిరుగుతున్న మోటారుకి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి ఎడమ చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని వింటాడు. లోపల బేరింగ్ ఏమాత్రం గరగరలాడినా పక్కన పెట్టేస్తాడు. బాగుంటే సుద్దముక్కతో టిక్కు కొడతాడు. ఇరవై రెండేళ్లుగా షెడ్డు పరువంతా ఆ టిక్కు మీదే నిలబడింది.

మొన్న ఒక నెలలో మూడు మోటార్లు కాలిపోయి తిరిగొచ్చాయి. విప్పి చూస్తే కాయిల్ నల్లగా మాడి ఉంది. మాడింది కాయిల్ కాబట్టి నేరం నాది. చుట్టు వదులుగా ఉంటోందనీ, ఈమధ్య దీని ధ్యాస పని మీద లేదనీ యజమానికి చెప్పింది ఎవరో కాదు, నా తోడబుట్టినవాడే. ఇంకొక్కటి తిరిగొస్తే వేరే పని చూసుకోమన్నాడు యజమాని. నాకు ఒళ్లు మండిపోయింది. అన్నయ్యతో మాట్లాడడం మానేశాను.

సరిగ్గా అప్పుడే ఆయనకి పాటల పిచ్చి పట్టుకుంది. పాత సామాన్ల కొట్లో జేబులో పట్టే ప్లేయరొకటి కొన్నాడు. కొత్తది కొనే స్తోమత లేదు, దీని మోతేమో నచ్చలేదు. లోపల గోరంత కెపాసిటర్లు రెండు మారిస్తే పెద్ద ప్లేయర్లా పలుకుతుందనీ, పాడైన రేడియోలోవి తీసి వేస్తే ఖర్చు కూడా ఉండదనీ రేడియో మెకానిక్కు ఒకడు చెప్పాడట. విప్పినవాడు మంచి సామాను కాజేస్తాడని అన్నయ్య భయం. ఒక పక్క తను, ఇంకో పక్క నేను కాపలా కూర్చోవాలట. వదిన బతిమాలితే వెళ్లాను, లేకపోతే నా కాలు కదిలేది కాదు.

మొదటిరోజు అన్నయ్య వదిన గోళ్లరంగు సీసా పట్టుకొచ్చి, లోపలి ప్రతి ముక్క మీదా గుర్తుగా చుక్క పెట్టించాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మెకానిక్కు మాత్రం తన పని తాను చూసుకుంటూ కెపాసిటర్లు మార్చి చేతిలో పెట్టాడు. అన్నయ్య హెడ్‌ఫోన్లు తగిలించుకుని మొహం చిట్లించాడు. ఎడమ పక్క పలచగా ఉందట. రెండోసారి వెళ్లి, ఎడమదానికి నాసిరకం వేశావని గొడవపడి, దాన్ని మళ్లీ మార్పించాడు. అయినా పలచగానే ఉందట.

మూడోసారి వెళ్లినప్పుడు మెకానిక్కు ఆయన్ని కాసేపు ఎగాదిగా చూశాడు. తర్వాత తల వంచుకుని ఏదో అతికించి ఇచ్చాడు.

"ఇప్పుడెలా ఉంది సార్?"

"ఎడమ పక్క అంతే. ఇంతసేపూ ఏం చేసినట్టు?"

"ఎడమ తీగ కుడికి, కుడి తీగ ఎడమకి మార్చాను. లోపం ప్లేయర్లో ఉంటే, ఇప్పుడు కుడి పక్క పలచగా వినపడాలి."

ఇదేదో కొత్త ఎత్తు అనుకున్నాడు అన్నయ్య. హెడ్‌ఫోన్లు తిరగేసి పెట్టుకున్నాడు. మళ్లీ తిరగేశాడు. ఎటు పెట్టుకున్నా ఎడమ చెవికే పలచన. ఊళ్లో అందర్నీ అనుమానించిన మనిషికి తన చెవిని అనుమానించాలని ఎప్పుడూ తోచలేదు. చివరికి తీసి నా చేతికిచ్చాడు. నాకు రెండు పక్కలా నిండుగా వినిపించింది. నాకూ పలచగానే ఉందని అబద్ధం చెప్పేద్దామా అనిపించింది. అంత కోపంలోనూ జాలేసింది.

"రెండూ ఒకేలా ఉన్నాయి అన్నయ్యా," అన్నాను. మాట్లాడడం మానేశాక ఆయనతో నేనన్న మొదటి మాట అది.

మర్నాడు నాకంటే ముందే షెడ్డుకి వెళ్లిపోయాడు. లారీ కోసం వరసగా పెట్టిన మోటార్లని ఒక్కొక్కటే మళ్లీ తిప్పి వింటున్నాడు. పిడి కుడి చెవి దగ్గరుంది. చెయ్యి అలవాటు లేక తడబడుతోంది. ఏడోదాని దగ్గర ఆగి నన్ను రమ్మని సైగ చేశాడు. పిడి నా చెవికి ఆనించాడు. లోపల ఇసుక నలిగినట్టు సన్నటి చప్పుడు. అలాంటి బేరింగ్ నాలుగు రోజులకి బిగుసుకుపోతుంది. తిరగలేని మోటారు వేడెక్కి కాయిల్‌ని మాడ్చేస్తుంది. దాని మీదున్న తన టిక్కుని అన్నయ్య అరచేత్తో తుడిచేశాడు.

యజమాని రాగానే అందరి ముందూ చెప్పాడు. "ఆ మూడూ బేరింగ్ పట్టేసి కాలాయండి. మా చెల్లి చుట్టిన చుట్టులో తప్పు లేదు. నాకు వినపడలేదు."

యజమాని మా ఇద్దరినీ చూసి లోపలికి వెళ్లాడు. అన్నయ్య సుద్దముక్క నా చేతిలో పెట్టాడు.

"మొదటినుంచీ అన్నీ నువ్వొకసారి విను. ఈ కుడి చెవి మీద కూడా నాకు అనుమానమే."

తను చూసినదాన్ని ఇంకొకరిని చూడమని ఆయన నోరు తెరిచి అడగడం నా ఎరుకలో అదే మొదటిసారి.